ఖఫ్జీకి వెళ్లిన ఏడు డప్పులు

సౌదీలో డప్పు దళం పెట్టిన మొట్టమొదటి తెలుగువాణ్ణి నేనే. ఇరవై డప్పులు, ఇరవై మంది మనుషులు. దమ్మామ్‌లో మా క్యాంపు వెనక మేము దరువెత్తుకుంటే అటు రేవులో ఓడల మీదివాళ్లు పని ఆపి చెవులు రిక్కించేవారు. మా కంపెనీ యజమాని, ముసలి కఫీల్, ఒక శుక్రవారం కారు దిగి వచ్చి, చేతికర్రను కత్తిలా తిప్పుతూ మా మధ్య అరగంట ఆడాడు. ఆడించినవాణ్ణి నేను.

ఈ మాట పదేళ్లుగా చెబుతున్నాను. విన్నవాళ్లు చాయ్ ఇప్పిస్తూ వచ్చారు కాబట్టి మానలేదు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గనుక కొంత తగ్గించుకోవాలి. డప్పులు ఏడు. కొట్టేవాళ్లు ఏడుగురు. రేవు మా క్యాంపుకు బస్సులో ముప్పావు గంట. కఫీల్ కారు దిగలేదు. అద్దం దించి, ఏమిటా చప్పుడని అడిగాడు. నేను చేతిలో గరిటెతోనే పరిగెత్తి, వచ్చిన అరబ్బీ ముక్కలన్నీ కలిపి, ఇది మా ఊళ్ల వాయిద్యమని చెప్పాను. ఆయన కాసేపు విన్నాడు. స్టీరింగు మీద ఆయన వేళ్లు కదిలాయి. అది మాత్రం నిజం. "నమాజు వేళకు ఆపండి" అని అద్దం ఎత్తుకుని వెళ్లిపోయాడు. మాకు దొరికిన అనుమతి ఆ ఒక్క మాటే. దాని మీద పదేళ్లు కొట్టుకున్నాం.

ఇంకొకటి కూడా ఇప్పుడే ఒప్పుకుంటే నయం. నాకు డప్పు కొట్టడం రాదు. నేను క్యాంపు మెస్సులో వంటవాణ్ణి. దళంలో నా పని డప్పులు కాచడం.

దళాన్ని నిజంగా పెట్టినవాడు షట్టరింగ్ మేస్త్రి. కరీంనగర్ వైపు మనిషి, నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న. వాళ్ల తాత, నాయన డప్పు పట్టినవాళ్లే. నేను పుట్టిన ఇల్లు వేరు. మా ఇంట పెళ్లయినా చావయినా డప్పు మా వాకిలి ముందు మోగాలి గాని గడప తాకకూడదు. అటువంటి ఇంటివాణ్ణి, దమ్మామ్‌లో బక్రీదు మర్నాడు, కసాయి దుకాణం నుంచి మేకతోళ్లు నెత్తిన పెట్టుకుని క్యాంపుకు తెచ్చాను.

"కాకా, మీ ఇంట్ల ఎర్కైతే నిన్ను వాకిట్లకు రానిస్తరా?" అన్నాడు మేస్త్రి.

"మా ఇంటిదాక పోయేది సెంటు సీసాల వాసనే తమ్మీ. తోలు వాసనకు విమానం టికెట్ ఎవడిస్తడు?"

మేస్త్రి సగానికి కోసిన పీపాలో ఉప్పూ సున్నమూ వేసి తోళ్లు నానబెట్టాడు. పక్క బ్యారక్ పాకిస్తానీలు ముక్కు మూసుకుని వచ్చి, ఇక్కడ ఏం చచ్చిందని అడిగిపోయారు. షట్టరింగ్ ప్లైవుడ్‌ను సన్నగా చీల్చి, తడిపి, వంచి గుండ్రాలు చేశాడు. తోలు బిగించాడు. కొట్టడానికి సిర్రలూ చిటికెన పుల్లలూ చెక్కాడు. మొదటి దెబ్బకే ఏడుగురిలో ఇద్దరు ఏడ్చారు. మూడోవాణ్ణి నేనని అందరికీ చెబుతుంటాను. నాకు ఆ సమయంలో పొయ్యి మీద పప్పు ఉంది, చూసి రావడానికి వెళ్లాను.

దమ్మామ్ గాలిలో సముద్రం ఉంటుంది. ఉదయం గట్టిగా ఉన్న తోలు మధ్యాహ్నానికి తడిసిన అప్పడంలా వేలాడుతుంది. కాచాలి. మంటకు ఏటవాలుగా పట్టాలి, తిప్పుతూ ఉండాలి, మధ్యమధ్య వేలితో తట్టి వినాలి. ఆ వినడం మేస్త్రి నాకు నేర్పాడు. "పొయ్యి నీ చేతుల ఉన్నది గద కాకా, గిది నీ పనే" అన్నాడు. ఆ రోజు నుంచి శుక్రవారం భోజనాలయ్యాక వంటింటి వెనక అట్టపెట్టెలు చింపి మంట వేసేవాణ్ణి. ఏడుగురూ నా చుట్టూ నిలబడి తమ డప్పు వంతు కోసం ఎదురుచూసేవారు. నా వంట కోసం కూడా ఎవరూ అంత ఓపికగా నిలబడలేదు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం గేటు మీది బోర్డు మార్చడానికి మనుషులు వచ్చారు. కంపెనీ అమ్ముడుపోయిందని మాకు తెలిసింది అలాగే. ముసలి కఫీల్‌కు నేను పంతొమ్మిదేళ్లు బిర్యానీ పంపాను. రంజాన్ నెలంతా ఆయన ఇంటికి వేరే గంజి కాచి పంపాను. ఆయన ఒక్క మాట చెప్పలేదు. వంటవాడికి చెప్పి అమ్ముకోవాలా అని మీరనవచ్చు. అనండి.

కొత్త కంపెనీ తరఫున వచ్చిన మేనేజరు కోస్తా మనిషి, చదువుకున్నవాడు. మెస్సులోకి వచ్చి నా ఎదురుగా కూర్చుని చాయ్ తాగాడు.

"మీకేం టెన్షన్ వద్దండీ పెద్దాయనా. మనవాళ్లం మనం. క్యాంపంతా ఖఫ్జీకి, కువైట్ బార్డర్ దగ్గరికి షిఫ్ట్ అవుతుందండి, అంతే. రానివాళ్లకి ఎగ్జిట్ ఇచ్చి ఇంటికి పంపిస్తాం. మీ డ్రమ్స్‌కి అక్కడ సెపరేట్ రూమ్ ఇప్పిస్తాను. కల్చరల్ యాక్టివిటీ అంటే మా మేనేజ్‌మెంట్‌కి చాలా ఇష్టమండి."

"వంటిల్లు ఉంటదా సార్?"

"అన్నీ ఉంటాయండి."

ఆ మధ్యాహ్నం ఎనిమిది మందిమీ మెస్సులో కూర్చున్నాం. ఇద్దరు ఇంటికి పోతామన్నారు. ఇంకొకడికి ఖమీస్ ముషైత్‌లో బావమరిది పని చూపిస్తానన్నాడట. మేస్త్రి మాత్రం, "ఒక్కపారి చెదిరినంక మల్ల కూడం" అన్నాడు. "పోతె అందరం పోదాం. లేకుంటె డప్పులు ఈడనే కాలవెట్టి ఎవ్వల తొవ్వ వాళ్లు చూస్కుందాం."

ఆ ముగ్గురినీ ఒప్పించిన ఘనత నాది. మాటలతో కరిగించానని చెబుతాను. నిజానికి రెండు వారాలు వాళ్ల కంచాల్లో బిర్యానీ అడుగు మాడు వడ్డించాను. ఆ మాడు కోసం మా క్యాంపులో మనుషులు కొట్టుకున్న రోజులున్నాయి. ఎట్లాగయితేనేం, ముగ్గురూ ఖఫ్జీ కాగితం మీద సంతకం పెట్టారు. తర్వాత మేస్త్రి నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు మంట వేస్తెనే మేము కొట్టుడు కాకా. నీ మంట లేకుంటె మాది ఉత్త చెక్క" అన్నాడు. ఈ మాట అక్షరం మార్చకుండా రాస్తున్నాను. ఎందుకంటే తర్వాత జరిగినదానికి ఇదే సాక్ష్యం.

బస్సులో మనిషికి ఒక్క సంచే అన్నారు. డప్పులను బియ్యం గోనెల్లో కట్టి, వంటసామాన్ల లారీలో గుండిగల మధ్య ఇరికించి, నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా గతుకు వచ్చినప్పుడల్లా వెనక నుంచి సన్నగా మోగేవి. డ్రైవరు పెషావరువాడు. ప్రతిసారీ నా వైపు చూసి నవ్వేవాడు.

ఖఫ్జీలో వంటిల్లు లేదు. భోజనం బయటి నుంచి రేకు డబ్బాల్లో వస్తుంది. గుండిగలు లారీ దిగకుండానే ఎటో పోయాయి. డబ్బాలు పంచే బల్ల దగ్గర నన్ను నిలబెట్టారు, తలకు ప్లాస్టిక్ టోపీ పెట్టి. ముప్పై ఏళ్లు నిప్పు ముందు నిలబడ్డ మనిషిని. డప్పులకు ఇస్తానన్న గది నిండా నీళ్ల సీసాలు. మేనేజరును అడిగితే, "రెండు వారాలు ఓపిక పట్టండి పెద్దాయనా" అన్నాడు. రెండు నెలల తర్వాత అడిగితే, "ఏ డ్రమ్స్ అండీ?" అన్నాడు.

డప్పులు మా మంచాల కింద పడుకున్నాయి. ఖఫ్జీ గాలి దమ్మామ్ గాలికన్నా తడి. మేస్త్రి అప్పుడప్పుడు ఒకటి బయటికి లాగి, వేలితో తట్టి, మళ్లీ లోపలికి తోసేసేవాడు. దాంట్లోంచి చాప దులిపిన చప్పుడు వచ్చేది.

ఒక శుక్రవారం నేనే పూనుకున్నాను. క్యాంపు గోడ వెనక, పాత చెక్కలు పోగేసిన చోట మంట వేశాను. మూడు డప్పులు చక్కగా బిగుస్తున్నాయి. అంతలో సేఫ్టీ ఆఫీసరు జీపులో వచ్చాడు. ఇది చమురు బావుల ఊరు, బయట అగ్గిపుల్ల గీసినా నేరమేనట. అరిచాడు. నేనూ అరిచాను. నా చేతుల్లోంచి మూడు డప్పులూ లాక్కుని మంటలో విసిరేశాడు. మిగిలిన నాలుగింటినీ గుండెలకు హత్తుకుని నేను పరిగెత్తాను. ఎవరో ఒకరు చెప్పకుండా ఆ జీపు గోడ వెనక్కి ఎందుకు వస్తుంది? చెప్పినవాడు మాలోనే ఉన్నాడని ఆ రోజే నాకు తోచింది. మేస్త్రి వచ్చి బూడిద చూశాడు. కోప్పడలేదు. "పోనీ తీయ్ కాకా" అన్నాడు. తాత నుంచి వచ్చిన విద్యగలవాడు మూడు డప్పులు కాలిపోతే పోనీ అంటాడా? ఆ మెత్తదనమే నన్ను పొడిచింది.

తర్వాత నాలుగు నెలలు డప్పు మాట ఎవరూ ఎత్తలేదు. శుక్రవారాలు భోజనమయ్యాక ఏడుగురూ పరంజా సామాను యార్డులో ఓవర్‌టైమ్ ఉందని వెళ్లేవారు. ఒక వారం నాకు నిద్ర పట్టక అటు నడిచాను. గోడ ఇవతల ఉండగానే వినిపించింది. ఏడు డప్పుల దరువు, గట్టిగా, తేటగా, తడి గాలిలో ఒక్క వీసం జారకుండా.

లోపలికి వెళ్లాను. ప్లాస్టిక్ డప్పులు. తోలు స్థానంలో తెల్లటి ఫైబర్ రేకు, అంచు చుట్టూ నట్లు. మాలో ఒకడు సెలవు మీద ఊరికి వెళ్లి, వస్తూ సామానులో తెచ్చాడట. వాటికి మంట అక్కర్లేదు. స్పానర్‌తో బిగిస్తే చాలు. స్పానర్ మేస్త్రి జేబులో ఉంది.

నన్ను చూసి ఒక్కొక్కరే ఆపేశారు.

"రా కాకా, కూసో," అన్నాడు మేస్త్రి.

"ఎన్ని దినాల సంది?"

"రెండు నెల్లయితంది. కంపెనీ ఫంక్షన్ల కొట్టుమన్నరు."

"నాకెందుకు చెప్పలే?"

ఖమీస్ ముషైత్ పోతానన్నవాడు పుల్లతో ఇసుకలో గీతలు గీస్తున్నాడు. నేను మాడు వడ్డించి ఆపిన మనిషి.

"నా మంట లేకుంటె ఉత్త చెక్క అంటివి గద," అన్నాను.

"అన్న కాకా. అప్పుడు అన్న."

ఫంక్షన్ రోజు నేను చూడనని గదిలో పడుకున్నాను. అది కూడా అబద్ధమే. నీళ్ల కూలర్ వెనక నిలబడి చివరిదాకా చూశాను. మేనేజరు ముందు వరసలో చప్పట్లు కొడుతున్నాడు. నా వాళ్లు బాగా కొట్టారు. నేను కాచిన ఏ శుక్రవారం కన్నా బాగా కొట్టారు. ఇది రాసేలోపు పెన్ను రెండుసార్లు కింద పెట్టాను.

మర్నాడే ఫైనల్ ఎగ్జిట్ ఫారం తెచ్చుకున్నాను. దాని మీద సంతకం పెడితే తిరిగి రావడం ఉండదు. కారణం రాయమన్నచోట వయసు అని రాశాను. అసలు కారణం ఈ కాగితాల్లో రాశాను. పాత కఫీల్ చెప్పకుండా అమ్ముకున్నాడు, మేనేజరు మాట తప్పాడు, అవి తట్టుకున్నాను. ఎనిమిదోవాడిగా లెక్కపెట్టుకున్నవాళ్లే నన్ను తప్పించి ఏడుగురయ్యారు. అందుకే పోతున్నాను. పోయేముందు మేస్త్రి ఎదురుగా ఇదంతా చదివి, అతని మొహం చూడాలనుకున్నాను.

నిన్న పొద్దున చదివాను. అతను ఎదురు మంచం మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ విన్నాడు. బిర్యానీ మాడు దగ్గర నవ్వాడు. సేఫ్టీ ఆఫీసరు దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగాయి. నేను కాగితాలు మడిచాక నా సంతకం లేని ఎగ్జిట్ ఫారం వైపు ఒకసారి చూశాడు.

"సేఫ్టీవాడు ఏ డప్పును ముట్టలేదు కాకా. వాడొచ్చేవరకే మూడు కాలినయి. షట్టరింగ్ చెక్కకు నూనె రాస్తమని, భగ్గుమంటదని తెల్వకనా, గదే తెచ్చి మంట వెట్టినవ్. పెట్టి, పక్క గదుల బంగ్లాదేశోళ్లకు ముచ్చట్లు చెప్పుకుంట కూసున్నవ్. పొగ జూసి జీపొచ్చింది, ఎవ్వడు చెప్పలే. వాడు ఇసుక వోసి ఆర్పిండు. మంట ఎవ్వలు వెట్టిండ్రంటె నేనే అన్న. నీకైతె నౌకరి పోతుండె. వార్నింగ్ కాయిదం నా ఫైల్ల ఉన్నది, పోయి చూస్కో. మల్ల నీ చేతికి డప్పిస్తె మల్ల మంటేస్తవ్. ఇయ్యకుంటె నీ మొకం సూడలేం. గందుకే దాసుకుని కొట్టుకున్నం. ఎగ్జిట్ మీద సంతకం పెడ్తె పెట్టు, నీ ఇష్టం. గని ఆ మూడు కాలవెట్టింది నువ్వు. ముందుగాల గది రాయి."