ట్యూబులైటు కింద వంగపండు రంగు

మా కొట్లో ట్యూబులైట్లు పెడుతున్నారని తెలిసిన రోజున నేను బళ్లో ఒక్క పాఠం కూడా వినలేదు. అప్పుడు నాది ఎనిమిదో తరగతి. కొవ్వూరు బజారులో మాది బట్టల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో ఇరుకు నడవ. ఆ కొట్టు ఎంత సన్నగా, ఎంత పొడుగ్గా ఉండేదంటే, లోపలి బీరువాల దగ్గర మిట్టమధ్యాహ్నం కూడా దీపం వేసుకోవాల్సిందే. పైన వరసగా వంద క్యాండిల్ బల్బులు ఆరు వేలాడేవి. వేసవిలో వాటి కింద అరగంట కూర్చుంటే నడినెత్తి మాడిపోయేది. చీరలు చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు బేరం తెగకుండానే మంచినీళ్ళు అడిగేవాళ్ళు.

నాన్న సరుకు కోసం వంతెన దాటి రాజమండ్రి వెళ్ళి, అక్కడ ఏదో పెద్ద కొట్లో ట్యూబులైట్లు చూసొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆ మాటే. "ఒక్క ట్యూబు రెండు బల్బుల పెట్టు. కరెంటు మాత్రం సగం కూడా కాలదంట. పైగా వేడి ఉండదు" అని పక్క కొట్టాయనకి చెప్పాడు, ఎదురు కొట్టాయనకి చెప్పాడు, చివరికి మా ఇంటికి పాలు పోసే ఆవిడకి కూడా చెప్పాడు. మామ్మ మాత్రం, "ఉన్న దీపాలకి ఏం రోగమొచ్చింది?" అంది. నాన్నని కన్నతల్లి కాబట్టి ఆవిడ అలా అనొచ్చు. నేను మాత్రం నాన్న పక్షం. మా వీధి మొత్తానికి మొదటి ట్యూబులైటు మాదే అవుతుందంటే, ఇంక నాకు నేల మీద కాలు నిలిచేదా?

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. నాన్నకి వ్యాపారం తెలుసు గానీ రంగులు తెలియవు. మెంతి రంగుకీ ఆవ రంగుకీ తేడా చెప్పమంటే దిక్కులు చూసేవాడు. ఆ రోజుల్లోనే చీరకి జాకెట్టు కలవాలనే సరదా బాగా పెరిగింది. అంతకుముందు ఏ చీర మీదకి ఏ జాకెట్టయినా నడిచిపోయేది. ఇప్పుడు అందరి నోటా ఒకటే మాట, మ్యాచింగు. జాకెట్టు ముక్క కలిస్తేనే చీర అమ్ముడవుతుంది, లేకపోతే చీర కూడా బీరువాలోకే పోతుంది. అప్పుడు నాన్న నడవ వైపు తిరిగి, "రంగు చూడాలి, ఓసారి రమ్మను" అనేవాడు.

అమ్మ చేతులు తుడుచుకుని, కొంగు భుజాల మీదుగా కప్పుకుని వచ్చేది. చీరనీ నాలుగైదు టూబైటూ జాకెట్టు ముక్కల్నీ తీసుకుని నడవలోంచి పెరటి గుమ్మం దాకా వెళ్ళి, ఎండ వెలుగులో ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసేది. మళ్ళీ కొట్లోకి వచ్చి బల్బు కింద ఇంకోసారి చూసి, ఒక్క ముక్క తీసి పక్కన పెట్టేది. అంతే. ఆవిడ తీసిన ముక్క ఏ రోజూ తిరిగి రాలేదు. "అమ్మగారు చూసిందేనా అండి?" అని అడిగి మరీ కొనుక్కునేవాళ్ళు. అలా పిలిచినప్పుడల్లా అమ్మ ముఖంలోకి ఒక వెలుగు వచ్చేది. నాకు గుర్తున్నంతవరకూ వంటింటి బయట ఆవిడ సంతోషపడిన చోటు అదొక్కటే.

మామ్మకి ఇది బొత్తిగా గిట్టేది కాదు. కోడలు కొట్లోకి రావడం మా ఇంటా వంటా లేదని ఆవిడ గోల. వ్యాపారం పెరుగుతోంది కాబట్టి ఊరుకుంది. ఊరుకుంటూనే ఒక షరతు పెట్టింది. "ఒక్క ముక్క తిరిగొచ్చిందంటే మళ్ళీ ఆ నడవ దాటకూడదు, చెప్తున్నాను" అంది. అమ్మ, "అలాగేనండి అత్తయ్యగారూ" అంది.

ట్యూబులు బిగించిన సాయంత్రం బజారు సగం మా గుమ్మంలోనే ఉంది. కరెంటాయన పట్టీలు బిగించి, చోకులు కలిపి, స్టార్టర్లు తిప్పి నిచ్చెన దిగాడు. నాన్న స్విచ్చి వేశాడు. ఒకటి మిణుకుమంది. ఆగింది. మళ్ళీ మిణుకుమంది. ఠక్కున కొట్టు మొత్తం తెల్లగా అయిపోయింది. ఒక్కొక్కటే మూడూ వెలిగాయి. బీరువాల్లో అట్టడుగు అరలో మడతలు కూడా కనిపించాయి, అక్కడ పేరుకున్న దుమ్ముతో సహా. పసుపు రాసుకుని వచ్చిన ఆడవాళ్ళ ముఖాలు అదోరకంగా పాలిపోయి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను నా అరచేతులు తిప్పి తిప్పి చూసుకున్నాను. నాకు అప్పటికి ప్రపంచంలో అంతకంటే గొప్ప విషయం కనపడలేదు.

"ఇంక పెరట్లోకి పరిగెత్తక్కర్లేదు. పగలు మన కొట్లోనే ఉంది. ఇక్కడే చూసి చెప్పు" అన్నాడు నాన్న అమ్మతో, నలుగురూ వినేలాగా. అమ్మ పెరటి వైపు ఒకసారి చూసి, తల ఊపింది. పాత బల్బులు బుట్టలో వేసి అటకెక్కించారు.

మొదటి వారం తిరునాళ్ళే. ట్యూబులైట్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు జాకెట్టు ముక్కో తువ్వాలో కొనకుండా వెళ్ళేవాళ్ళు కాదు. అప్పుడే పోలవరం వైపు నుంచి ఒకావిడ పెళ్ళిలో చుట్టాలకి పెట్టే పెట్టుబడి చీరలకి వచ్చింది. పదకొండు చీరలు, పదకొండు జాకెట్టు ముక్కలు. అమ్మ అన్నీ ట్యూబు కిందే చూసి, అరగంటలో కలిపి పెట్టేసింది. నాన్న పొంగిపోయాడు. నేను మర్నాడు బళ్లో మా అమ్మ గురించి గొప్పలు చెప్పుకున్నాను.

మూడు రోజులకి ఊళ్లోంచే ఒక ముక్క తిరిగొచ్చింది. వంగపండు రంగు. తెచ్చినావిడ మొహమాటపడుతూనే, "కలవలేదండి" అంది. నాన్న వెంటనే ఇంకోటి ఇచ్చి, మామ్మకి తెలియకుండా ఆ ముక్క బీరువా అడుగున దాచాడు. ఆ తరవాత ఒక నెమలికంఠం రంగు తిరిగొచ్చింది. ఈసారి మామ్మ చూడనే చూసింది. ఏమీ అనలేదు, గుర్తుపెట్టుకుంది. ఆ సాయంత్రం నేను అన్నం తింటూ, "నీకు కళ్ళద్దాలు పెట్టించాలమ్మా" అని నవ్వాను. అమ్మ కూడా నవ్వింది.

పదో రోజు సాయంత్రం పోలవరం ఆవిడ దిగింది. సంచీలోంచి ఏడు చీరలు, ఏడు ముక్కలు తీసి తెల్లదుప్పటి మీద పరిచింది.

"మా వియ్యపురాలు అందరి ముందూ నవ్విందండి షావుకారుగారూ. చీర ఒక రంగు, జాకెట్టు ఒక రంగు. మీ కొట్టు మీద నమ్మకంతో కొన్నాను."

నడవ గుమ్మంలో కూర్చున్న మామ్మ గొంతు వీధిలోకి వినిపించింది. "విన్నావుగా. ఇంక లోపల పని చూసుకో" అంది. అమ్మ అప్పటికి గుమ్మం దాకా వచ్చింది. ఆ మాట విని వెనక్కి తిరిగింది.

నేను ఆ ఏడింట్లోంచి ఒక వంగపండు రంగు చీర తీసి దాని ముక్క పక్కన పెట్టాను. తప్పు ఎంత ఘోరంగా ఉందో చూద్దామని. చూస్తే అచ్చు గుద్దినట్టు కలిసింది.

"నాన్నా, కలిసిందిగా" అన్నాను. నాన్న వంగి చూసి, కలిసిందన్నాడు. రంగులు తెలియని మనిషి కాబట్టి ఆయన మాట ఎవరూ లెక్కచెయ్యరు. పోలవరం ఆవిడ చూసింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది.

"అదేంటి. నిన్న మా ఇంట్లో ఇలా లేదండి. ఒట్టు" అంది.

నడవలో అమ్మ అడుగులు ఆగిపోయాయి. ఎవరూ పిలవలేదు. ఆవిడే కొట్లోకి వచ్చింది, కొంగు సర్దుకోకుండానే.

"మీ ఇంట్లో ఏం లైట్లండి?" అని అడిగింది.

"బల్బులేనమ్మా. మాకు ఇలాంటివెక్కడివి?"

అమ్మ నావైపు తిరిగి, "అటక మీద బుట్ట దింపు" అంది. ఆ గొంతులో నేనెప్పుడూ వినని తొందర ఉంది. నేను ఒక్క గంతులో వెళ్ళి తెచ్చాను. పాత హోల్డర్లు ఇంకా పైనే ఉన్నాయి. నాన్న బల్ల ఎక్కి ఒక బల్బు బిగించాడు. "ట్యూబులు ఆపండి" అంది అమ్మ. నాన్నకి అమ్మ నలుగురిలో పని చెప్పడం నేను అదే మొదటిసారి చూశాను. ఆయన వెంటనే ఆపాడు.

బల్బు వెలిగింది. ఆ పచ్చటి వెలుగులో చీర చీరలాగే ఉంది. జాకెట్టు ముక్క మాత్రం ఇటికపొడి చల్లినట్టు ఎర్రగా తిరిగిపోయింది. కొట్లో ఉన్న అందరం ఒకేసారి ముందుకి వంగాం. నాన్న బల్బు ఆపి ట్యూబు వేశాడు, కలిసింది. ట్యూబు ఆపి బల్బు వేశాడు, విడిపోయింది. నాలుగుసార్లు వేసి ఆపాడు, చిన్నపిల్లాడిలాగా. పోలవరం ఆవిడ కోపం ఎప్పుడు పోయిందో ఆవిడకే తెలియదు, "ఇంకోసారి వెయ్యండి" అని ఆవిడే అడిగింది. నాకైతే ట్యూబులైట్లు మొదటిసారి వెలిగిన సాయంత్రం కంటే ఇదే ఎక్కువ సంబరంగా ఉంది.

అమ్మ ఆ ముక్కల్ని పెరటి గుమ్మంలోకి పట్టుకెళ్ళింది. ఇంకా వెలుగుంది. మేమందరం వెనకాలే వెళ్ళాం, పోలవరం ఆవిడతో సహా. అక్కడ ఆ ముక్క ఇంకో రకంగా ఉంది. ఇక అమ్మ బీరువాలోంచి ముక్కలు లాగడం మొదలుపెట్టింది. పెరట్లో చూసింది, బల్బు కింద చూసింది, ట్యూబు కింద చూసింది. మూడు చోట్లా కలిసినవే పక్కన పెట్టింది. ఏడూ తేలేసరికి ఆవిడ నుదుటి బొట్టు చెమటకి కరిగిపోయింది. పోలవరం ఆవిడ మూట కట్టుకుంటూ ఇంకో రెండు చీరలు తీయించింది.

మామ్మ ఇదంతా గుమ్మంలోంచి కదలకుండా చూసింది. పోలవరం ఆవిడ వెళ్ళాక, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేస్తూ, "ఇలా పిలిచినప్పుడల్లా పరిగెత్తుకు రావడమేంటి, చూడ్డానికి బాగోదు. ఆ బల్బు కింద పీట వేసుకుని అక్కడే కూర్చో. పొయ్యి సంగతి నేను చూస్తాను" అంది. మామ్మ తగ్గడం అంటే అంతే.

నాన్న గుమ్మంలో ఎవరికో ట్యూబులూ బల్బులూ ఎలా తేడానో చెబుతున్నాడు. అమ్మా నేనూ మిగిలిన ముక్కలు మడతలు పెడుతున్నాం. నేను ఇంకా ఆ సంబరంలోనే గలగలా వాగుతున్నాను. అమ్మ ఒక ముక్కని ఒళ్లో పెట్టుకుని చేత్తో సాపు చేస్తూ మెల్లగా అంది.

"నిజంగానే నాకు కళ్ళు పోతున్నాయనుకున్నానే. ఈ వారం రోజులూ పొద్దున్నే లేచి పెరట్లో కనకాంబరాలు చూసుకునేదాన్ని, వాటి రంగైనా సరిగ్గా కనపడుతోందో లేదో అని."

కళ్ళద్దాలు పెట్టించాలని నవ్విన నోరు నాదే. నాకు అంత సిగ్గు ముందెప్పుడూ వెయ్యలేదు. ఆవిడ ఆ మాటకి నాతోపాటు ఎందుకు నవ్విందో అప్పుడు అర్థమైంది. "ఇప్పుడు బాగానే కనపడుతున్నాయా?" అన్నాను.

"ఆ" అంది అమ్మ. బల్బు వెలుగులో నా గడ్డం పట్టుకుని పైకెత్తి చూసింది. "నీ ముఖం కందిపోయింది. అది కూడా కనపడుతోంది."