విమానం తోక మీది హంస

మొన్న వ్యాపారుల సంఘం వాళ్లతోటి కాశీకి పోదామని శంషాబాద్ విమానాశ్రయానికి పోతే, అద్దాల అవతల నిలబడ్డ మన దేశపు విమానం తోక మీద హంస లేదు. ఎర్రటి రెక్కలు చాపి, కడుపులో సూర్యరథ చక్రం పెట్టుకొని ఎగిరే ఆ పక్షి ఉండవలసిన జాగాలో బంగారు, ఎరుపు, ఊదా రంగుల చారలేవో ఉన్నయి. గుర్తు మార్చి చాలా రోజులైందని పక్కన నిలబడ్డాయన చెప్పిండు. కవరు రంగు జరంత మారినా సరుకు మారిందని పసిగట్టే దుకాణదారుణ్ణి, ఇంత పెద్ద సంగతి నాకు తెలియకపోవడానికి కారణం ఒకటే. మా ఇంటామె పోయినప్పటి నుంచి నేను విమానాల దిక్కు తలెత్తి చూడలేదు.

తెలంగాణ వచ్చిన ఏడు, జడ్చర్ల బస్టాండు దగ్గర జాగా కిరాయికి తీసుకొని సూట్‌కేసులు, సంచుల దుకాణం పెట్టిన. అంతకు ముందు కోస్గిలో మా నాయిన కిరాణంలోనే పెరిగిన, అక్కడే నెరిసిన. అగ్గిపెట్టె కొన్నా ఒక పుల్ల కొసరు అడిగే వంశం మాది. కొత్త దుకాణానికి టికెట్ల ఏజెంటు ఒకాయన గోడ క్యాలెండరు ఇచ్చిపోయిండు. దాని మీద ఆ విమానం తోక, తోక మీద ఆ హంస. నా కంటికి అది మంచి రంగున్న బాతు. మా ఇంటామెకు మాత్రం అది సరస్వతమ్మ వాహనం, పాలనూ నీళ్లనూ వేరుచేసే పక్షి. కడుపులోని చక్రం సూర్యుని తేరుది గనుక ఆకాశంలో దారి తప్పదట. ఏ బొమ్మ చూపెట్టినా దానికొక అర్థం చెప్పకుండా ఉండలేని మనిషి ఆమె. దుకాణం బోర్డు మీద అదే వేయించాలని పట్టుబట్టింది.

బోర్డులు రాసేది మా బామ్మర్దే. చక్రానికి ఇరుసు నుంచి అంచు దాకా ఇరవై నాలుగు ఆకులు వేయాలన్నడు. అంత ఎత్తున ఎవడు లెక్కపెడ్తడు, పన్నెండు చాలన్న. పదహారు దగ్గర బేరం తెగింది, రంగు మిగిలిందని నేను మురిసిన. తీరా బోర్డు ఎక్కించే రోజు మా అమ్మ వచ్చి, చూసి, వాకిట్లనే ఆగిపోయింది. మా దిక్కు మనిషి ప్రాణాన్ని హంస అంటరు, పోయినప్పుడు హంస లేచిపోయిందంటరు. ఎగిరిపోయే హంసను ఎవడన్నా గుమ్మం మీద పెట్టుకుంటడారా అని ఆమె కోపం. ఆమె మాటా పోవద్దు, వేసిన బొమ్మా పోవద్దు. నేను నడిమిట్ల బేరం కుదిర్చి బామ్మర్దితోటి, అది ఎగిరిపోకుండ రెండు కాళ్లు గీయించిన. దాంతోటి హంస ఎగిరేది మానేసి గుడ్ల మీద కూర్చున్నట్టయింది. వారం రోజులు ఊరోళ్లు బాతుగుడ్లు ఉన్నయా అని అడిగి పోయిండ్రు. మా ఇంటామె అయితే కొంగు అడ్డం పెట్టుకొని నవ్వి నవ్వి, నీ రాజ్యంలో హంసలు గూడ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటయి అన్నది.

ఆమెకున్న కోరిక ఒక్కటే, ఒక్కసారి ఆ హంస ఎక్కి కాశీకి పోవాలె. ఏజెంటు ధర చెప్పిండు. కొంచెం చూసుకొని చెప్పమంటే, విమానానికి బేరముండదు సేటూ, వానాకాలంల దిగితే దిగొచ్చు అన్నడు. సరే, ఆగుదామన్న. కొనాలన్న ఆశ మొఖంల కనబడనీయొద్దు, నాలుగడుగులు వెనక్కి వేస్తే అమ్మేటోడే పిలుస్తడు అన్నది మా నాయిన నేర్పిన విద్య. నేను ఏండ్ల తరబడి వెనక్కి అడుగులు వేసుకుంటనే పోయిన, ఎవరూ పిలవలేదు. ప్రయాణానికని ఆమె మా దుకాణంలనే చిన్న ఎర్ర సూట్‌కేసొకటి ఎంచి పక్కకు పెట్టుకుంటే, మంచి గిరాకీ వచ్చిందని ఒకనాడు దాన్ని గూడ అమ్మేసిన. మరునాడు ఆమె నీలంది ఒకటి ఎంచి అదే జాగాలో పెట్టుకుంది.

ఆమెకు జ్వరమనుకున్నది ఉత్త జ్వరం కాలేదు. మహబూబ్‌నగర్ దవాఖానలో ఒక పగటిపూట, కిటికీలోంచి విమానం చప్పుడు వినబడితే కండ్లు తెరిచి నన్ను దగ్గరికి రమ్మన్నది.

"ఇంకా ధర దిగలేదా?"

"దిగింది. వచ్చే నెలల పోదాం."

"ఎంతకొచ్చింది?"

పుట్టిన కాణ్నుంచి ఏ వస్తువుకైనా తడుముకోకుండా ధర చెప్పిన నోరు నాది. ఆ పూట ఒక్క అంకె రాలేదు. ఆమె నా మొఖం చూసి, అబద్ధం గూడ చాతగాదు నీకు అన్నట్టు నవ్వి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకొని పడుకుంది. మూడోనాడు పోయింది.

మా అమ్మ బోర్డు గురించి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండు. బొమ్మ చెరిపేద్దామా బావా అని బామ్మర్ది నిచ్చెన తెచ్చుకొని వస్తే నేనే వద్దన్న.

ఇప్పుడు టికెట్ల ధరలు ఫోన్లనే గంటకోసారి ఎక్కుతయి, దిగుతయి, అవతల బేరమాడేందుకు మనిషే ఉండడు. మొన్నటి నా టికెట్టు సంఘం వాళ్లు తీసిండ్రు, ధరెంతని నేను అడగనే లేదు. లోపల కూర్చున్నాక, మంచినీళ్లిచ్చిన బిడ్డను ఈ కొత్త గుర్తు ఏమిటిదమ్మా అని అడిగిన. ఆ బిడ్డ ఓపికగా, పాత రాజమహళ్ల కిటికీ అంచు సార్, అంతులేని అవకాశాలకు గుర్తు అని చెప్పింది. మంచి అర్థమే. కానీ మా ఇంటామె అయితే అక్కడ ఆగేది కాదు, ఆ కిటికీకి తన అర్థమేదో తాను చెప్పేది. ఏం చెప్పేదో పట్టుకుందామని కాశీలో దిగే దాకా ఆలోచించిన. ముప్పై ఏండ్లు పక్కన కూర్చొని ఆమె మాటలు విన్నవాణ్ణి, నాకు ఒక్కటీ తట్టలేదు.