ముందు కదిలిన పెదవులు

సూరత్ లింబాయత్‌లో వినోద ఇల్లెక్కడని అడిగితే ఎవరూ వెంటనే చెప్పలేరు. సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే గణపతి బిడ్డ అంటే కాస్త ఆలోచించి చెబుతారు. నీరజ చెల్లెలు అంటే మాత్రం చేయి పట్టుకుని తీసుకెళ్తారు. ఆ మాట వింటే వినోదకు ఒళ్లు మండేది.

నీరజ ఆమె పెద్దనాన్న కూతురు, నాలుగు నెలలే పెద్ద. ఇద్దరూ తెలుగు బడిలో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లు. వినోద ఎనిమిదిలో ఉండగా తల్లి సమ్మక్కకు నడుము పట్టేసి మంచం దిగలేకపోయింది. ఆమె చేసే పని, చీరలకు మెరుపురాళ్లు అంటించడం, కూతురి ఒళ్లోకి వచ్చింది. తల్లి లేచి తిరిగేసరికి రెండేళ్లు గడిచాయి. అప్పటికి బెంచీ మీద వినోద చోటులో ఇంకెవరో కూర్చున్నారు. ఇప్పుడు నీరజ కాలేజీ కూడా పూర్తి చేసి ఉధనాలో ట్యూషన్లు చెబుతోంది.

వినోదకు కంటగింపు నీరజ చదువు కాదు, నోరు. ఆ నోరు కొత్తిమీరకు గుజరాతీలో బేరమాడేది, ఆటోవాడితో హిందీలో తగువు పెట్టుకునేది, పెద్దవాళ్ల దగ్గరకొచ్చేసరికి తెలుగులో తేనెలా మారేది. వినోద మాట గొంతు దాకా వచ్చి అక్కడే చతికిలబడేది. కానీ ఆమె కళ్లు ఊరుకునేవి కావు. తల వంచి రాళ్లు అంటిస్తూనే ఎవరి ముఖం ఎప్పుడు మారిందో, ఎవరి నవ్వులో ఎంత నిజముందో పట్టేసేది. పట్టింది ఒక్క నీరజకే చెప్పేది. మర్నాడు అదే మాట నీరజ నోట గల్లీ అంతా తిరిగేది. జనం పడీపడీ నవ్వేవారు. వినోద కూడా నవ్వేది, చెంప లోపలి కండను పళ్లతో కొరుక్కుంటూ.

ఆ ఆదివారం డిండోలి వైపు థియేటర్‌లో పొద్దటి ఆటకు తెలుగు సినిమా వేశారు. నేతపట్నం కథ అని తెలిసి సాంచెల మీద పనిచేసేవాళ్లు కుటుంబాలతో వచ్చారు. వినోద, నీరజ పక్కపక్కన కూర్చున్నారు.

సినిమాలో ముప్పై ఏళ్ల తర్వాతి కాలం. ఎగిరే కార్లు లేవు, వేరే లోకం నుంచి దిగినవాళ్లు లేరు. మనుషుల చేతులకు పట్టీలు ఉన్నాయి. పట్టీ చూపిస్తేనే నల్లా తిరుగుతుంది, అదీ ఇరవై నిమిషాలు. కార్ఖానాలో సాంచెలు చప్పుడు లేకుండా నడుస్తుంటాయి. ఒక్కో సాంచె మీద ఒక్కో యంత్రపు చెవి. పనివాళ్లు గుసగుసలాడినా అది కంపెనీకి చేరవేస్తుంది.

ముందు వరుసల్లో కాలేజీ పిల్లలు నోటికి చేతులు అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. వెనక వరుసల తీరు వేరు.

"ఇర్వై నిమిషాల నల్లానా? మా గల్లీల పదిహేనే," అన్నాడు బిక్షపతి, గణపతితో పాటు పనిచేసే ఆయన. హాలు గొల్లుమంది.

తెర మీద గేటు దగ్గర పనివాళ్ల జేబులు తడుముతుంటే ఇంకో గొంతు లేచింది. "గిది ఇప్పుడు గూడ ఉన్నదే గదనే. దీనికి ముప్పై ఏండ్లు ఆగుడెందుకు?"

మళ్లీ నవ్వులు. అంతలో తెర మీద ఒక ముసలామె రెండోసారి మూత్రానికి వెళ్లొచ్చినందుకు పట్టీ ఎర్రగా వెలిగింది, సగం దినం కూలీ పోయింది. ఆ చోట ఎవరూ నవ్వలేదు. వినోద ఆ నిశ్శబ్దాన్ని గుర్తు పెట్టుకుంది.

విశ్రాంతికి ముందు, కథానాయిక ఎదుటి సాంచె మీది స్నేహితురాలికి ఒక సంగతి చెప్పాలి: రేపు నిన్ను పట్టుకుపోతారు, ఇవాళే వెళ్లిపో అని. పైన చెవి ఉంది. కాగితం మీద రాసి ఇచ్చింది. గేటు దగ్గర కాగితం దొరికిపోయింది. హాలంతా ఉసూరుమంది.

వినోద నీరజ చెవి దగ్గరకు వంగింది. "పిచ్చిదా ఏంది అది? పెదవులతోని చెప్పరాదా. మనోళ్లు సాంచెల కాడ గట్లనే మాట్లాడుకుంటరు గద. ఆ చెవికేం ఇనవడ్తది? మనోళ్లను ఒక్కల్ని అడిగినా సినిమా ఈడికే అయిపోతుండె."

నిజమే. సాంచెల కార్ఖానాలో పక్కవాడు అరిచినా వినిపించదు. అక్కడ మాటంటే పెదవుల కదలికే. ఇరవై ఎనిమిదేళ్లు ఆ చప్పుడులో నిలబడిన గణపతికి చెవులు మందగించాయి, ఇంట్లో కూడా పెదవులే చదువుతాడు. ఆ గల్లీ పిల్లలకు అక్షరాలకన్నా ముందు అదే వస్తుంది.

ఆట వదిలాక బయట ఉమాకాంత్ మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సూరత్ తెలుగువాళ్ల కోసం యూట్యూబ్ చానల్ నడుపుతాడు. ఒకరు బాగుందన్నారు, ఒకరు భయమేసిందన్నారు. మైకు వినోద ముందుకొచ్చింది. ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. మైకు నీరజ దగ్గర ఆగింది.

"అన్నా, ఆ హీరోయిన్‌కు పెదవులతోని మాట్లాడుడు రాదా?" అని మొదలుపెట్టింది నీరజ. "మా సాంచెలోళ్లను ఒక్కల్ని అడిగినా సినిమా ఇంటర్వెల్ కాడనే అయిపోతుండె."

చుట్టూ ఈలలు. వినోద నీరజ భుజం వెనకే నిలబడి ఉంది.

రెండు రోజుల్లో ఆ వీడియో చేరని ఫోను లేదు. సిరిసిల్ల చుట్టాలు ఫోన్ చేసి నీరజను మెచ్చుకున్నారు. పెద్దమ్మ భాగీరథి ఇంటింటికీ చూపించింది. "మా పోరి దిమాగ్ చూడు," అంటూ వినోద ముఖం ముందు కూడా పెట్టింది. వచ్చే ఆదివారం సాంచెలవాళ్ల కోసం మరో ఆట ఉందని, అది అయ్యాక నీరజ పది నిమిషాలు మాట్లాడాలని ఉమాకాంత్ కబురు పెట్టాడు.

ఆ వారం వినోద అంటించిన రాళ్లు వంకరపోయాయి. ఒక కొంగు మొత్తం ఊడదీసి మళ్లీ అంటించాల్సి వచ్చింది. వీడియో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. నీరజకు జలుబు చేసి గొంతు పోవాలని కోరుకుంది. మరీ జ్వరమైతే వద్దులే, గొంతొక్కటి పోతే చాలనుకుంది.

గురువారం పని నుంచి వచ్చిన గణపతి గోడకానుకుని ఫోను చూస్తున్నాడు. ఎప్పటిలాగే శబ్దం లేకుండా.

"బిడ్డా, ఇటు రా," అన్నాడు. "గీడ ఎనుక ఉన్నది నువ్వే గద. నీ పెదవులు ముందుగాల కదుల్తున్నయ్. అది నీ తర్వాతనే అంటున్నది."

వినోద వంగి చూసింది. నీరజ భుజం పక్కన తన ముఖం, సగం నీడలో. పెదవులు ఒక్కో మాటనూ ఒక క్షణం ముందే పలుకుతున్నాయి.

"ఆ మాట నీదేనా?"

తల ఊపింది.

"మరి చెప్పకపోతివి."

"ఏమని చెప్పాలె బాపూ?"

గణపతి ఫోను పక్కన పెట్టాడు. "గల్లీల అందరం పెదవులు సదివేటోళ్లమే. అందరం మైకు ఉన్నదాన్నే చూసినం," అన్నాడు.

మర్నాడు నీరజ వచ్చింది. "వినీ, పది నిమిషాలంటే మాటలా? నువ్వు కెమెరా ఎనుక నిలబడు. నేను ఆగితే పెదవులతోని అందియ్," అంది, చిటికెడు ఉప్పు అడిగినంత మామూలుగా. వినోద సరేనంది. ప్రేమతో కాదు. నీరజ తడబడితే దగ్గర నిలబడి చూడాలనుకుంది.

ఆదివారం ఆట అయ్యాక థియేటర్ ముందు ఒక పక్కగా కుర్చీలు వేశారు. నీరజ కెమెరా ముందు, వినోద దాని వెనక. వినోద పెదవులు కదిపితే నీరజ గొంతు మోగింది. నల్లా ముచ్చట, గేటు ముచ్చట. బిక్షపతి తొడ చరుచుకుని నవ్వాడు. ప్రతి నవ్వూ వినోదకు సూదిలా దిగింది.

ఉమాకాంత్ అడిగాడు: "సినిమాల అన్నిటికన్న నిజమనిపించింది ఏంది?"

వినోదకు తెలుసు. నోరు మూసుకుంది.

నీరజ ఆమె వైపు చూసింది. వినోద పెదవులు బిగించింది. "అంటే... హీరోయిన్ యాక్టింగ్..." అంది నీరజ. తర్వాత "పాటలు కూడా..." అంది. ఆ సినిమాలో పాటల్లేవు. ఎవరో కిసుక్కుమన్నారు. వినోదకు ఆ క్షణం తియ్యగా ఉంది, అబద్ధమెందుకు. అప్పుడు నీరజ పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. "చెల్లే, చెప్పు."

వెనక కుర్చీలోంచి గణపతి లేచి నిలబడ్డాడు. రెండు వైపులా చదివినట్టున్నాడు. ఆయన పెదవులు కూడా కదిలాయి. "దానికి గాదు. అందరికి చెప్పు."

వినోద కెమెరా వెనక నుంచి ముందుకు, నీరజ పక్కకు వచ్చింది. దగ్గింది. ఉమాకాంత్ తిరిగి చూసి మైకు ఇటు చాపాడు.

"ఆ ముసలమ్మ కూలి కోసిన కాడ," అంది వినోద. గొంతు కీచుగా వచ్చింది. "అన్ని కాడ్ల నవ్విన్రు. గక్కడ ఒక్కలు నవ్వలే. మనం నవ్వంది గదొక్కటే. నిజం గక్కడనే ఉన్నది."

ఎవరూ ఈల వేయలేదు. వెనక ఒక పెద్దామె కొంగుతో ముక్కు తుడుచుకుంది. బిక్షపతి తల దించుకున్నాడు.

సాయంత్రానికి కొత్త వీడియో వచ్చింది. కెమెరా ఆలస్యంగా తిరగడంతో వినోద సగమే పడింది, జుట్టు చెదిరి, నుదుటి మీద చెమటతో. ఆమె దాన్ని నాన్నలాగే శబ్దం తీసేసి చూసింది. రెండోసారి చూసినప్పుడు కళ్లు తన మీద నిలవలేదు. పక్కన నీరజ నవ్వుతూ నిలబడి ఉంది. ఆ నవ్వులో ఒకవైపు చెంప లోపలికి లాక్కుపోయి ఉంది, పళ్ల మధ్య పట్టుకున్నట్టు.

ఎంత గట్టిగా కొరికిందో వినోదకు తెలుసు. వీడియోను మళ్లీ మొదటికి జరిపింది.