మంచు మీద డ్రిల్లు టీచరమ్మ

నా భార్య సమ్మమ్మ వరంగల్‌లో ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. మా ఊళ్లో ఉగాది వచ్చిందంటే పొద్దెక్కేసరికి నేల కాలిపోతుంది. అందుకే ఆమె ఏ పనైనా సూర్యుడు లేవకముందే ముగిస్తుంది. పిల్లల చేత పరుగులు తీయించినా, ఇల్లు అలికినా, బట్టలు ఉతికినా చీకటి ఉండగానే. నేను రైల్వే షెడ్‌లో ఫిట్టర్ని. అర్ధరాత్రి డ్యూటీ దిగొచ్చి నడుం వాల్చానో లేదో, బకెట్ల చప్పుడు మొదలు.

"లే, రాయమల్లూ! ఎండ ముదిరినంక ఏం చేస్తవ్?"

మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తుందా అని మేముండే కొత్తవాడలో ముసలమ్మలు బుగ్గలు నొక్కుకునేవాళ్లు. నొక్కుకోనీ, నాకేం! ఆమె కేకకు సగం వీధి నిద్రలేచేది.

డెబ్బై తొమ్మిదిలో బడికొక కబురొచ్చింది. ఆటల టీచర్లకు కాశ్మీరులో, గుల్మార్గ్‌లో, మంచు మీద జారే స్కీయింగ్ నేర్పిస్తారట. ముప్పై దాటినవాళ్లు పనికిరారట. ఆ జూన్‌తో సమ్మమ్మకు ముప్పై నిండుతాయి. అంటే ఈసారి తప్పితే మళ్లీ ఆ గుమ్మం తొక్కనివ్వరు. మంచును సినిమాలో తప్ప చూడని మనిషి, పోయి పేరిచ్చి వచ్చింది. నేను పగలబడి నవ్వాను. వారం రోజులు నాతో మాట్లాడలేదు మహాతల్లి. చివరికి నేనే రైల్వే పాసు తీసి వెంట బయలుదేరాను. పాసు ఊరికే పాడైపోతుందని పైకి చెప్పాననుకోండి, ఆమెను ఒక్కదాన్నే అంత దూరం పంపడానికి నాకు మనసొప్పలేదు.

మేం చేరేటప్పటికి మార్చి సగం అయింది. కొండంతా తెలుపే. స్కీయింగ్ నేర్పే ఆయనను అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. కాశ్మీరీ మనిషి, మాట్లాడేది ఉర్దూ. వరంగల్ వాళ్లకు ఉర్దూ ఏమన్నా కొత్తా! ఎండ కాస్త ఎక్కాకే రమ్మని ఆయన మరీమరీ చెప్పాడు. మా ఆవిడ వింటుందా? మర్నాడు తెల్లారకముందే నన్ను లేపింది.

"గింత చలిల ఏందే నీ లొల్లి? జర పండనియ్!"

"ఎండ పడితే కరిగిపోతది. ఇప్పుడే పోవాలె."

వెళ్లాం. కాళ్లకు ఆ పొడుగాటి పలకలు బిగించుకుని రెండడుగులు వేసిందో లేదో, వెల్లకిలా పడి, అలాగే కిందిదాకా జారుకుంటూ వచ్చి నా మోకాళ్లకు కొట్టుకుంది. ఇద్దరం కలిసి దొర్లాం. ఉస్తాద్ వచ్చి కడుపు పట్టుకుని నవ్వాడు.

"అరే బహెన్! ఎండాకాలం వస్తోంది కదా, పగలు మంచు కరిగి నీళ్లోడుతుంది. రాత్రికి ఆ నీళ్లే గడ్డ కడతాయి. పొద్దున ఇది మంచు కాదు, అద్దం. కాసేపు ఎండ తగలనివ్వు, పైపొర మెత్తబడుతుంది, అప్పుడు నిన్ను నిలబెడుతుంది. మధ్యాహ్నానికి మళ్లీ బురద."

తలూపింది. ఊపి, మర్నాడు మళ్లీ చీకట్లోనే లేచింది! ముప్పై ఏళ్ల అలవాటు ఒక్క మాటకు పోతుందా? మళ్లీ పడింది, మోచెయ్యి వాచింది. ఆ కోపంతో మధ్యాహ్నం వెళ్లింది. నీళ్లు పట్టిన మంచు పలకల్ని పట్టుకుని వదల్లేదు, ముందుకు బోర్లాపడింది. ఆ సాయంత్రం గదిలో మోచేతికి కాపడం పెడుతుంటే ఏడ్చేసింది.

"మల్ల నన్నెవరు పిలుస్తరు, రాయమల్లూ? గీ ఒక్కపారే గదా."

నవ్వినందుకు నన్ను నేను నాలుగు తిట్టుకున్నాను.

మర్నాటి నుంచి ఉస్తాద్ చెప్పిన వేళకే పోయి నిలబడటం, మలుపు తిరగడం నేర్చింది. పరీక్ష రోజు రానే వచ్చింది. వాలు మీద పైనుంచి కిందిదాకా జెండాలు పాతారు. ఒక్కొక్క జెండానూ చుట్టుకుంటూ, పడకుండా దిగాలి. ఎంత దూరంగా తిరిగివచ్చినా సరే, జెండా మాత్రం తప్పకూడదు. ఉస్తాద్ చీటీ తీస్తే మొదటి పేరే సమ్మమ్మది. వాలు ఇంకా తళతళలాడుతోంది. ఆమె ఒకసారి కిందికి చూసింది.

"ఉస్తాద్, నేనిప్పుడు దిగను."

"వంతు వదిలితే ఆఖరుకు పోతావు. అప్పటికి బురదైపోతుంది, ఆలోచించుకో."

"ఆఖర్కే పోత."

నాకు ఒళ్లు మండిపోయింది. జన్మంతా లోకం కంటే ముందు లేచి, ఇవాళ తోక పట్టుకుంటుందా! "నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాను. "నువ్వు కిందికి పోయి నిలబడు" అంది. పక్కదారిన దిగి నిలబడ్డాను.

కొండ ఊళ్ల నుంచి వచ్చిన టీచర్లు ముందు దిగారు, మంచు గరగరమంది. తర్వాతివాళ్లు హాయిగా జారిపోయారు. ఎండ నెత్తికెక్కేసరికి నడిమి దారంతా పిసపిసలాడింది. సమ్మమ్మకు ముందు దిగిన ఇద్దరూ కూరుకుపోయి పడ్డారు. ఇక ఆమె వంతు.

అందరూ పోయిన దారిని ఆమె పోలేదు. మొదటి జెండా దాటగానే పక్కకు మళ్లింది. ఆ అంచున దేవదారు చెట్ల నీడ పడుతోంది. నీడలో మంచు ఇంకా చెడిపోలేదు! జెండా దగ్గరికి ఎండలోకి వస్తుంది, చుట్టేస్తుంది, మళ్లీ నీడలోకి జారుకుంటుంది. వారెవ్వా! ఓరుగల్లు ఎండలో నడిచిన మనిషికి నీడ ఎక్కడుందో ఒకరు చెప్పాలా!

కానీ చివరి రెండు జెండాల దగ్గర చెట్లు లేవు. ఎండ, బురద. పలకలు అటూ ఇటూ ఊగాయి. ఆమె నడుము వంగింది. అయిపోయిందనుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాను.

చప్పట్లు వినబడ్డాయి. తెరిచి చూస్తే నా ముందు నిలబడి ఉంది. నిలబడి! ఉస్తాద్ "పాస్! పాస్!" అని అరుస్తున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది, దాచుకోలేదు.

"సూసినవా, ఆఖర్కు ఎట్ల తిప్పిన్నో?" అంది ఆయాసపడుతూ.

"సూసిన."

"నీ మొఖం! కండ్లు మూస్కున్నవ్. పైనుంచి నాకు కనబడ్డది."

పలకలు విప్పి భుజానేసుకుని మళ్లీ వాలు ఎక్కసాగింది. పాసయ్యావు కదా, ఇంకెక్కడికని ఉస్తాద్ అడిగాడు.

"మీకు పరీక్ష ఇచ్చిన. గిది మా ఆయనకు."

ఈసారి నీడా లేదు, జాగ్రత్తా లేదు, నడిమధ్యనే వచ్చింది. ఆ బురదలో రెండుసార్లు పడింది, మోకాళ్లదాకా కూరుకుంది, లేచింది, కొండంతా మోగేలా నవ్వింది. నేను రెప్ప వేస్తే ఒట్టు.