గీ పాట ఎవలది?

నారాయణఖేడ్‌లో పెళ్లిళ్లకు వీడియో తీసే ఒకాయన ఉండేవాడు. ఏ పాట విన్నా తల పక్కకు వంచి, "గీ పాట ఎవలది?" అనేవాడు.

బోరంచ జాతర మీద క్యాసెట్ చేసి, అమ్మకానికి పెట్టేముందు మా ఇంట్లో వేసి చూపించాడు. సినిమా పాట వస్తుందనుకుంటే మా అమ్మ గొంతు వినబడింది! నాన్న ముందు నోరు విప్పని అమ్మ! నాన్న మంచం మీంచి దిగ్గున లేచాడు.

"సినిమా పాట కంపెనీవోళ్లది బావా," అన్నాడు వీడియో ఆయన. " అడగకుంట అమ్మే క్యాసెట్ల పెట్టొద్దు. గిది అక్క కట్టిన పాట, జాతరల పాడింది. అక్కను అడిగే పెట్టిన."

"మరి నన్ను అడగవా?" నాన్న అరిచాడు.

ఆయన తల పక్కకు వంచాడు. "పాట ఎవలది బావా?"

వంటింట్లోంచి అమ్మ గొంతు వచ్చింది.

"నాది."

ఆ ఇంట్లో అమ్మ అంతవరకు దేన్నీ నాది అనలేదు.