నా తేదీన పుట్టిన పెద్దమనుషులు

నా పుట్టినరోజు తేదీ ఇక్కడ రాయను. నవంబరులో ఒక రోజు, అంతే. అంతకుమించి చెప్పే హక్కు నాకు లేదని ఇరవై ఆరో ఏట తెలిసింది.

అప్పుడు బెజవాడ గవర్నరుపేటలో ఒక అచ్చాపీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. యుద్ధం అయిపోయింది గాని కాగితం కరువు తీరలేదు. అయినా మా యజమాని ఎక్కడెక్కడి కాగితమో పోగుచేసి, కృష్ణా జిల్లా ప్రముఖుల పరిచయ గ్రంథం ఒకటి అచ్చువేయడానికి పూనుకున్నాడు. ఒక్కొక్కరికి అర పేజీ, ఒక ఫొటో, పుట్టిన తేదీ, చేసిన ఘనకార్యాలు. చేయనివి కూడా కొన్ని ఉండేవి. వాటిని దిద్దడం నా పని కాదు.

నాకు నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. అమ్మానాన్నలు నాకు ఊహ తెలియకముందే పోయారు. పెంచిన అమ్మమ్మ నేను స్కూలు ఫైనలు చదువుతుండగా పోయింది. గది, అచ్చాపీసు, భోజన హోటలు, వీటి మధ్యే తిరిగేవాణ్ణి. హోటల్లో వడ్డించేవాడు ఇంకాస్త అన్నం పెట్టమంటారా అని అడిగితే, ఆ రోజుకి నాతో ఒక మనిషి మాట్లాడినట్టు లెక్క. ఏడాదికి ఒక్క రోజు మాత్రం నేను మహారాజుని. పుట్టినరోజు నాడు మైసూరుపాకు ఒక పొట్లం కట్టించుకుని, కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చుని, ఒక్కణ్ణే తినేవాణ్ణి. నవ్వుకుంటే నవ్వుకోండి. నేను కూడా ఒకనాడు పుట్టానని చెప్పడానికి నాకున్న సాక్ష్యం బళ్ళో రాసిన ఆ తేదీ ఒక్కటే.

ప్రముఖుల ప్రూఫుల్లో ఒక డాక్టరు గారిది నా తేదీయే. సంవత్సరం వేరు, నెలా రోజూ అవే. భలే అనుకున్నాను. రెండు రోజులు పోయాక ఒక రైసుమిల్లు యజమాని ప్రూఫు వచ్చింది, ఆయనదీ అదే. ఆ మర్నాడు ఒక ప్లీడరు. మూడోది చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కంపోజిటరు పొరపాటేమోనని రాతప్రతితో పోల్చి చూశాను. పొరపాటు లేదు. ఒకే రోజున ముగ్గురు గొప్పవాళ్ళు, నాలుగోవాణ్ణి నేను. ఆ వారమంతా అద్దంలో మొహం మాటిమాటికీ చూసుకున్నాను. నా బొంద, ప్రూఫులు దిద్దేవాడి మొహమే కనిపించింది. అయినా తెలియని చుట్టాలు దొరికినంత సంబరం.

ప్రూఫు చూపించి సంతకం తెచ్చుకోవాలి కాబట్టి ఆ వంకన నేనే బయల్దేరాను. నాదీ ఇదే తేదీ అండీ అంటే, డాక్టరు గారు తలెత్తకుండానే అలాగా అని, తర్వాతి రోగిని పిలిచారు. నాకు తల తీసేసినట్టయింది. ప్లీడరు గారు గుమస్తా చేత సంతకం పంపించారే గాని బయటికే రాలేదు. మిల్లు యజమాని మాత్రం కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. మనిద్దరిదీ ఒకే పుట్టినరోజండీ అనగానే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నువ్వూ మైలవరం వైపు బళ్ళో చదివావా ఏంటి అబ్బాయ్? అయితే నీకూ మా మాస్టారే పెట్టుంటాడు. నేనెప్పుడు పుట్టానో మా అమ్మకి తెలిస్తేగా? వరదొచ్చిన ఏడు అనేది, అంతే. తేదీ ఆయనే రాసుకున్నాడు. ఆ డాక్టరూ ప్లీడరూ కూడా ఆయన దగ్గర చదివినవాళ్ళే."

నేనూ ఆ మాస్టారి బళ్ళోనే చదివాను. తేదీ తెలియని పిల్లలకి బళ్ళో జూలై ఒకటి అని రాసేస్తారని నాకూ తెలుసు. నాది జూలై కాదు కాబట్టి నిజమైనదేనని ఇన్నేళ్ళూ నమ్మాను. మజ్జిగ సగంలోనే వదిలేసి లేచాను. ఒళ్ళు మండిపోయింది. ఉన్నదొక్కటే రోజు, అదీ ఉత్తదే. నేనెప్పుడు పుట్టానో చెప్పగలిగిన మనిషి ఎవరైనా బతికుంటే ఆ మాస్టారే. ఏ పండగ ముందో, ఏ వాన తర్వాతో అమ్మమ్మ ఏదో ఒకటి చెప్పే ఉంటుంది. ఈయన బద్ధకించి తోచిన తేదీ వేసుంటాడు. వెళ్ళి అడగాలి, కడిగేసి రావాలి అనుకున్నాను.

సరిగ్గా ఆ తేదీకే సెలవు దొరికింది. పెట్రోలు కరువుతో వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకుని నడిచే బస్సెక్కాను. కొండపల్లి దాటాక అది మొరాయిస్తే అందరం దిగి తోశాం. చొక్కా నిండా మసి. సంచిలో మైసూరుపాకు పొట్లం. తేదీ నాది కాదని తెలిసి కూడా ఎందుకు కట్టించానో నాకే తెలియదు.

మాస్టారు మైలవరం అవతల ఊళ్ళో ఒంటిగది పెంకుటింట్లో ఉన్నారు. భార్య ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. చూపు సరిగా ఆనడం లేదు. గుమ్మంలోనే నిలబడి నా పేరూ అమ్మమ్మ పేరూ చెప్పి, నా తేదీ ఎందుకలా రాశారు, అమ్మమ్మ అసలేం చెప్పింది అని అడిగాను. నేననుకున్నదానికన్నా గొంతు పెద్దగానే లేచింది.

"మీ అమ్మమ్మ తెలియదందిరా. కూతురు పోయిన రోజు తప్ప ఇంకే రోజూ గుర్తులేదని, నా బల్ల పట్టుకుని ఏడ్చింది."

"మరి ఆ తేదీ ఎక్కడిది మాస్టారూ?"

"నాది. నీకు లేదంటే నాది ఇచ్చాను."

గుమ్మంలోంచి లోపలికి వచ్చి ఆయన ఎదుట కూర్చున్నాను. మిగతాదంతా ఆయనే నెమ్మదిగా చెప్పారు. తమకిక పిల్లలు కలగరని తేలిన ఏడాది నుంచి, తేదీ లేకుండా బళ్ళోకి వచ్చిన ప్రతి పిల్లవాడికీ అదే రాశారట. ఏటా ఆ రోజున ఎక్కడో ఒకచోట తన పిల్లలు పాయసం తాగుతూ ఉంటారని, భార్యా తనూ చెప్పుకునేవారట. ఎవరైనా ఎప్పుడైనా వచ్చారా అని అడిగాను. రాలేదన్నారు. పాపం వాళ్ళకేం తెలుసు అని వాళ్ళ తరఫున ఆయనే సర్దిచెప్పారు. నాకు ఏడుపొచ్చింది. కడిగేద్దామని కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

మసి చేతులు పంచెకి తుడుచుకుని పొట్లం విప్పాను. ఆయన తడుముకుని ఒక ముక్క తీసుకున్నారు. పళ్ళు లేవు కాబట్టి చాలాసేపు చప్పరించారు. నేనూ ఒక ముక్క తిన్నాను.

బస్సు వేళకి లేస్తే గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు.

"కోపంగా ఉందా? మార్చుకుంటావేమో గాని, ఇంకోటి ఇవ్వడానికి నా దగ్గర లేదురా."

"వద్దండీ" అన్నాను. "ఇదే ఉంచుకుంటాను."