మూడు నూళ్ల పెదవి

నంద్యాలలో ఇవాళ పుస్తకాల షాపులో ఒక స్టీలు స్కేలు పట్టుకున్నాను. చేతికి చల్లగా తగలగానే ఆళ్లగడ్డలో మా వసారా, దాన్నిండా రాతిదుమ్ము గుర్తొచ్చాయి. మీకూ గుర్తుండే ఉంటుంది, బడిలో మనకు సెంటీమీటర్ల అంచుతోనే పని. రెండో అంచు మీది అంగుళాల జోలికి ఎవరూ పోయేవాళ్లం కాదు. మా ఇంట్లో మాత్రం అవే లెక్క. నాయన శిల్పి. అంగుళంలో ఎనిమిదో వంతును నూలు అనేవాడు.

పాత చెక్క స్కేలు మీద అంగుళానికి ఎనిమిది గీతలు, గీతకొక నూలు. నా ఏడో తరగతిలో కొత్త స్టీలు స్కేలు వచ్చింది. అమ్మవారి విగ్రహానికి పెదవి మందం మూడు నూళ్లు. నాయనతో కలిసి చెక్కే చిన్నాయన అలవాటు కొద్దీ మూడు గీతలు లెక్కపెట్టి, గుర్తు పెట్టి, ఉలి ఎత్తాడు. నేను రాయి మీద అరచెయ్యి పెట్టేశాను.

“దీంట్లో అంగుళానికి పదహారు గీతలుండాయ్ చిన్నాయనా. మూడు నూళ్లంటే ఆరు గీతలు. కొడితే పెదవి సగమే మిగుల్తాది.”

“చెయ్యి తీయ్ పాపా. నాకే నేర్పిస్తాండావా?”

“నాయనొచ్చి లెక్కపెట్టేదాకా తీయను.”

పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదట. చెక్కేసిన రాయి మళ్లీ అతుక్కోదు కదా!

నాయన వచ్చి గోటితో ఒక్కో గీతా లెక్కపెట్టాడు. పాత గుర్తు తుడిచి పెన్సిల్ నా చేతికిచ్చాడు. ఆరు గీతలకు గీశాను.

“ఆడపిల్ల గీసిన గీత మీద నేను కొట్టను” అన్నాడు చిన్నాయన.

“అయితే ఉలి ఇట్లియ్యి. నేను కొడతా” అన్నాడు నాయన.